అమ్మ ఇచ్చిన వంకాయ విత్తనం

హన్మకొండలో మా ఇంటి వెనక జాగా చిన్నదే. ఎర్ర చెల్క మట్టి. పరకాల నుంచి అమ్మ గుత్తి వంకాయ విత్తనం ఇస్తే, మృగశిర కార్తెలో నారు పోశాను. నెల దాటాక పన్నెండు మొక్కలను రెండేసి అడుగుల ఎడంతో నాటాను. గుంతకు రెండు దోసిళ్ల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేశాను. అక్కడి దాకా తేలికే.

ఆగస్టులో ఒక పొద్దున రెండు మొక్కల కొసలు వాలి ఉన్నాయి. కింది ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నీళ్లు చాలలేదనుకొని ఇంకో బిందె పోశాను. మర్నాటికి ఐదు మొక్కలు అట్లనే అయ్యాయి. టెన్షన్‌తో అమ్మకు ఫోన్ చేశాను.

"నీళ్లు కాదు బిడ్డా, పురుగు. ఆ కొస తుంచి చీల్చి చూడు" అన్నది.

చీలిస్తే లోపల లేత గులాబి రంగు పురుగు! కొమ్మను, కాయను తొలిచే పురుగు ఇదే. కాయలు మొదలయ్యాక వాటిలోకి దూరుతుంది. ఒకసారి లోపలికి పోయిందంటే పైన ఏది కొట్టినా దానికి తగలదు. అందుకే రోజూ పొద్దున్నే వాలిన ప్రతి కొసనూ పురుగున్న చోటికి కిందుగా తుంచి సబ్బునీళ్లలో వేశాను. తుంచిన చోట పక్క కొమ్మలు వచ్చాయి. ఈ పురుగు రాలిన ఆకుల మధ్య కూడా గూడు కట్టుకుంటుంది కాబట్టి మొదళ్ల దగ్గర చెత్త ఉంచలేదు. వారానికోసారి సాయంత్రం లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి కొట్టాను. ఒక మొక్కకు ఆకులు చిట్టిగా, గుబురుగా వచ్చాయి. వెర్రి తెగులు. దానికి మందు లేదు, మనసు రాకపోయినా పీకేశాను.

పూలు కొన్ని రాలుతుంటే బాధపడ్డాను. దగ్గరగా చూస్తే, పువ్వు నడుమ సన్న కాడలా ఉండే కీలం పుప్పొడి తిత్తులను దాటి బయటికొచ్చిన పూలే కాయకు నిలుస్తున్నాయి, లోపలే ఉండిపోయినవి రాలుతున్నాయి. అది చూశాక దిగులు పోయింది.

ఎంగిలిపూల బతుకమ్మ నాటికి మొదటి కాయలు కోశాను. తొడిమను కత్తెరతో కత్తిరించాలి, లాగితే కొమ్మ చీలుతుంది. తళతళ మెరుస్తున్నప్పుడే కోయాలి. రెండు కాయలు ఆకుల చాటున ఉండిపోయి మెరుపు తగ్గాయి. కోస్తే గింజ ముదిరింది, కూర చేదెక్కింది. అప్పటి నుంచి మూడు రోజులకోసారి ఆకులన్నీ ఎత్తి వెతుకుతున్నాను.

బాగా కాసిన మొక్కకు ఒక కాయ మాత్రం ఎర్ర దారం కట్టి వదిలేశాను. ఇప్పుడిప్పుడే పసుపు రంగు తిరుగుతోంది. పూర్తిగా పండాక గింజలు కడిగి, నీడలో ఆరబెట్టి, సగం అమ్మకే పంపుతాను.