జీపు క్యాబిన్‌లో మోత, వేడి: ముందు రంధ్రాలు, తరువాతే షీట్లు

మా బాబాయి ముప్పై ఏళ్లు ట్రాక్టరు నడిపారు. ఇప్పుడు మనవరాలు పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే, పాప ఏదో అంటోందని ఆయనకు తెలుస్తుంది గానీ ఏమంటోందో తెలియదు. యంత్రాల మోత వల్ల వచ్చే చెవుడు మొదట 4,000 హెర్ట్‌జ్ (సెకనుకు 4,000 కంపనాలు) చుట్టుపక్కల ఉండే సన్నని శబ్దాలను తినేస్తుంది. స, ష, త వంటి హల్లుల స్పష్టత అక్కడే ఉంటుంది కనుక గొంతు వినబడినా మాట విడివడదు. పొలం పనికి మేము వాడే పాత డీజిల్ జీపును ఇప్పుడు నడుపుతున్నది నేను. రెంటచింతల వైపు నాపరాళ్ల బాటల్లో ఒక పూటంతా తిరిగి దిగిన రోజున నా చెవుల్లోనూ గంటసేపు హోరు నిలిచిపోవడం గమనించాక, ఈ వేసవికి ముందే ఆ క్యాబిన్ సంగతి చూడాలని నిశ్చయించుకున్నాను.

అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని అధ్యయనం చేసే నియోష్ సంస్థ 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదని చెబుతుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ కాలం సగానికి పడిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు మాత్రమే. శబ్దాన్ని కొలిచే యాప్‌తో సీటు పక్కన పెట్టిన ఫోను, రెండో గేరులో మిర్చి తోట గట్టు ఎక్కుతున్నప్పుడు 90 చూపించింది. ఫోను కొలతను ఖచ్చితమైన లెక్కగా నమ్మనవసరం లేదు గానీ, అదే ఫోను, అదే చోటు, అదే గేరు, అద్దాలు అదే స్థితిలో ఉంచి కొలిస్తే ముందుకూ తరువాతకూ ఉన్న తేడా తెలుసుకోవడానికి అది చాలు.

ఈ పని మొదలుపెట్టిన వారందరూ ముందుగా చేసేది మోతను తగ్గించడానికి రేకుకు అంటించే వెండిరంగు షీట్లు కొనడం. నేనూ అదే చేయబోయాను. మా ఊరి మెకానిక్ ఆపాడు. "షీట్లు ఎక్కడికీ పోవులేన్నా, ముందు దుమ్ము ఎక్కణ్నుంచి వస్తందో చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాటలో సగం శాస్త్రం ఉంది. గాలి దూరే చోటల్లా శబ్దం దూరుతుంది, వేడీ దూరుతుంది. పల్నాటి బాటల మీద లేచే సన్నని తెల్లదుమ్ము ఆ దారులన్నింటినీ గీత గీసినట్లు చూపిస్తుంది. లోపలంతా శుభ్రంగా తుడిచి, అద్దాలు ఎత్తి, పది కిలోమీటర్లు దుమ్ములో నడిపి వచ్చాము. క్లచ్ పెడలు చుట్టూ, స్టీరింగ్ కడ్డీ దిగే చోట, వైర్లు దూరే రంధ్రాల వద్ద, గేరు లివరు కింద దుమ్ము చారలు స్పష్టంగా కనిపించాయి. చీకటి పడ్డాక బానెట్ కింద టార్చి వెలిగించి లోపల కూర్చుని చూస్తే మరో మూడు చోట్ల వెలుతురు చుక్కలు బయటపడ్డాయి.

ఇంత చిన్న సందులకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఒక అడ్డుగోడ విస్తీర్ణంలో నూటికి ఒక వంతు ఖాళీగా ఉంటే, మిగిలిన 99 వంతులూ ఎంత దిట్టంగా ఉన్నా ఆ గోడ మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. ఇంజన్‌కూ మనకూ మధ్య ఉండే రేకును మెకానిక్‌లు ఫైర్‌వాల్ అంటారు. దాని కొలత సుమారు ముప్పావు చదరపు మీటరు అనుకుంటే, అందులో నూటికి ఒక వంతు అంటే అటూ ఇటూ తొమ్మిది సెంటీమీటర్లు లేని చిన్న చతురస్రం. గేరు లివరు అడుగున ఉండే రబ్బరు తొడుగు, అంటే బూటు, చిరిగిపోయి అదొక్కటే దాదాపు అంత ఖాళీని తెరిచి ఉంచింది. కొత్త బూటు, వైర్లు దూరే రంధ్రాలకు కొత్త గ్రోమెట్లు (రబ్బరు వలయాలు), పెడళ్ల వద్ద మందపు రబ్బరు ముక్కలు వేసి, తలుపుల అంచున ఉండే రబ్బరు పట్టీని, అంటే బీడింగును, మార్చాము. బీడింగు సరిగా ఒత్తుకుంటోందో లేదో తెలుసుకోవడానికి తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడాలి. జారి వచ్చేస్తే అక్కడ పట్టు లేనట్లే. తలుపు అడుగున ఉండే చిన్న రంధ్రాలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు. అద్దం పక్కనుంచి దిగిన వాన నీరు పోయే దారి అదే. దాన్ని మూస్తే తలుపు లోపలి నుంచి తుప్పు పట్టిపోతుంది.

ఆ వెతుకులాటలోనే వేడికి అసలు మూలం కూడా దొరికింది. బానెట్ వెనుక అంచుకూ ముందు అద్దానికీ మధ్య ఉండవలసిన రబ్బరు బీడింగు ఎప్పుడో ఊడిపోయింది. బయటి గాలిని లోపలికి తీసుకునే జాలి సరిగ్గా దాని వెనుకే ఉంటుంది. కనుక చల్లగాలి కోసం మేము వెంటిలేటర్ తెరిచిన ప్రతిసారీ రేడియేటర్‌ను, ఇంజన్‌ను దాటి వచ్చిన వేడిగాలినే కాళ్ల మీదికి పిలుచుకుంటున్నామన్నమాట. ఇన్నేళ్లుగా "ఎండలు ముదిరాయి" అనుకుంటూ భరించిన వేడిలో ఎంత భాగం ఆ ఒక్క బీడింగుదో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వేడి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. సైలెన్సర్ పైపు అతుకు దగ్గర పొగ కారుతుంటే అదే దారిన కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలికి వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు. అందుకే క్యాబిన్‌ను బిగించే ముందు సైలెన్సర్ అతుకులు, వాటి మధ్య పొగ కారకుండా ఉంచే గ్యాస్కెట్లు తప్పనిసరిగా చూపించుకోవాలి. మా బండికి ఒక అతుకు దగ్గర మసి కనిపించింది, మార్పించాము.

తరువాత ఇంజన్ మౌంటింగులు చూశాము. ఇంజన్ బరువును మోస్తూ అదురును బండి ఇనుప చట్రం, అంటే ఛాసిస్‌కు చేరనివ్వకుండా ఆపే ఆ రబ్బర్లు ఏళ్లు గడిచేకొద్దీ రాయిలా గట్టిపడతాయి. అప్పుడు అదురంతా ఇనుము ద్వారా నేరుగా బాడీలోకి ఎక్కి, పైకప్పు, తలుపులు, నేల అన్నీ డప్పుల్లా మోగుతాయి. కొత్తవి వేసిన రోజున స్టీరింగ్ పట్టుకున్న చేతులకే తేడా తెలిసింది.

ఇక షీట్ల వంతు. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు 60 పేలుళ్లు జరుగుతాయి. మా జీపులో గూబ అదిరే మోత సరిగ్గా ఆ వేగం దగ్గరే లేచేది. 60 హెర్ట్‌జ్ శబ్దపు తరంగం పొడవు దాదాపు 6 మీటర్లు. అంత పొడవైన తరంగాన్ని ఒక సెంటీమీటరు మందపు ఫోమ్ పీల్చుకోలేదు. దుకాణంలో మెత్తగా, ఆకర్షణీయంగా కనిపించే స్పాంజి ఈ మోత మీద పని చేయకపోవడానికి కారణం ఇదే. ఇక్కడ చేయవలసింది రేకు అదురును చంపడం. ఒకవైపు అల్యూమినియం రేకు, మరోవైపు బ్యూటైల్ రబ్బరు జిగురు ఉన్న 2 మిల్లీమీటర్ల షీటును పైకప్పు లోపలి వైపు అంటించాము. రేకు అదిరినప్పుడు మధ్యలోని రబ్బరు సాగి, ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది. రేకంతటినీ కప్పనవసరం లేదు, కప్పు కమ్మీల మధ్య ఉండే ప్రతి గడి మధ్యలో పావు వంతు నుంచి మూడో వంతు వరకు కప్పితే చాలు. వేలి కణుపుతో తట్టితే ముందు "టంగ్" మన్న చోట తరువాత "డబ్" అనాలి, అదే పరీక్ష. తారుతో చేసిన షీట్లు చవకే గానీ, మన ఎండకు పైకప్పు మీద మెత్తబడి వాసన కొడతాయి, అందుకని నేను వాటి జోలికి పోలేదు.

ఫైర్‌వాల్ లోపలి వైపు బరువైన వినైల్ మ్యాటును, దాని వెనుక నీరు పీల్చని నైట్రైల్ ఫోమ్‌ను పరిచాము. అడ్డు బరువు రెట్టింపు అయితే సుమారు 6 డెసిబెల్స్ ఎక్కువగా ఆపుతుంది గనుక ఇక్కడ బరువే పని చేస్తుంది. నేల మీద మాత్రం ఏదీ శాశ్వతంగా అంటించలేదు. వానాకాలంలో నల్లరేగడి బురద కాళ్లతో ఎక్కే బండికి, ఎత్తి కడిగి ఆరబెట్టుకోగల రబ్బరు మ్యాటే సరైనది. థర్మోకోల్ వాడమని సలహా ఇచ్చినవారున్నారు. అది మంటను అందుకునే పదార్థం కాబట్టి బండిలో దానికి చోటు ఉండకూడదు.

పైకప్పు వేడికి మరో లెక్క ఉంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చదరపు మీటరు మీద దాదాపు 1,000 వాట్ల శక్తి పడుతుంది. అంటే మూడు చదరపు మీటర్ల టాపు మీద మూడు కిలోవాట్లు. ముదురు రంగు అందులో నూటికి తొంభై వంతుల దాకా పీల్చుకుంటే, తెల్లరంగు పావు వంతుకు కొంచెం అటూ ఇటూగా పీల్చుకుంటుంది. వేడి దేశాల కోసం తయారైన పాత లాండ్ రోవర్లకు అసలు కప్పు మీద కొంత ఎడంగా రెండో కప్పు బిగించేవారు. ఆ ఎడంలో గాలి ఆడుతూ వేడిని మోసుకుపోయేది. వేసవిలో ఇంటి ముందు తాటాకు పందిరి వేసుకునే మనకు ఇది కొత్త తెలివేమీ కాదు. ముందే ఉన్న లగేజీ క్యారియర్ మీద తెల్లరంగు వేసిన పలుచని అల్యూమినియం రేకును, అదరకుండా రబ్బరు వాషర్లు పెట్టి, కప్పుకు నాలుగు వేళ్ల ఎడంలో బిగించాము. మధ్యాహ్నం లోపలి నుంచి కప్పుకు అరచెయ్యి ఆనించి ఉంచగలగడం ఈ బండిలో నాకు అదే మొదటిసారి.

సైలెన్సర్ పైపు నేల కింద దగ్గరగా వెళ్లే చోట కూడా అదే సూత్రంతో, వేలెడు ఎడం వదిలి మెరిసే అల్యూమినియం రేకు పెట్టాము. ఇది వేడిని తిప్పికొట్టేది తన మెరుపుతోనే. దుమ్మూ బురదా పట్టిన రేకు మామూలు ఇనుము లాగే వేడిని పీల్చుకుంటుంది, కాబట్టి నెలకొకసారి కింద దూరి తుడవాలి. పైపుకు గుడ్డపట్టీ చుట్టే పద్ధతి నాకు నచ్చలేదు. అది తేమను పట్టి ఉంచి పైపును తుప్పు పట్టిస్తుంది, దానికి ఆయిల్ అంటితే ఎండుగడ్డిలో నడిచే బండికి ప్రమాదం కూడాను.

అదే గట్టు మీద, అదే గేరులో ఇప్పుడు ఫోను 83 చూపిస్తోంది. మొన్న బాబాయిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మాచర్ల వరకు వెళ్లాను. ఆయన మామూలు గొంతుతోనే మాట్లాడారు, నేను రెండోసారి చెప్పించుకోలేదు. ఫోర్ వీల్ లివరు వేసినప్పుడు గేర్ల ఊళ మాత్రం ఇంకా వినిపిస్తోంది. ఆ లివరు కింది బూటు కూడా పగిలే ఉందని మెకానిక్ చూపించాడు. పై ఆదివారం దాన్ని మారుస్తున్నాము.