అల్లం బీరు: మార్చి నుంచి జూన్ దాకా

అసలు కోరిక బీరు కాయాలని. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచెయ్యడం మన రాష్ట్రంలో నేరం. అందుకని పులియబెట్టే పనిని అల్లం బీరు అనే గ్యాసు పానీయం మీద నేర్చుకుందామని మార్చిలో మొదలుపెట్టాను.

పానీయాన్ని పులియబెట్టడానికి ముందు అల్లం, పంచదార, నీళ్ళతో తోడు తయారుచెయ్యాలి. మొదటి తోడు లేవలేదు. శుభ్రంగా ఉంటుందని అల్లం తొక్క తీసేశాను. పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్టు ఉండేది ఆ తొక్క మీదే. రెండోసారి ఎంవీపీ కాలనీ రైతు బజారు నుంచి మట్టి వదలని అల్లం తెచ్చి, కడిగి, తొక్కతోనే తరిగాను. పెద్ద చెంచాతో రెండు అల్లం, రెండు పంచదార, రెండు కప్పుల నీళ్ళు, సీసా మూతికి పల్చటి గుడ్డ. ఆపైన రోజూ చెంచాడు అల్లం, చెంచాడు పంచదార. కుళాయి నీళ్ళయితే కాచి చల్లార్చాలి, క్లోరిన్ తోడుని ఎదగనివ్వదు. వారం పట్టొచ్చని చదివాను, విశాఖ ఉక్కకి మూడో రోజుకే నురగ కట్టింది.

"తరవాణి కుండకీ రోజూ ఇలాగే గంజి పోసేవాళ్ళం రా" అంది అమ్మమ్మ. అప్పట్నుంచి తోడుకి మేత వేసే పని ఆవిడదే.

అల్లం బీరుకి కొలత: రెండు లీటర్ల నీళ్ళలో 50 గ్రాముల అల్లం తురుము, 150 గ్రాముల పంచదార వేసి పది నిమిషాలు కాచాలి. పూర్తిగా చల్లారాక రెండు నిమ్మకాయల రసం, వడకట్టిన తోడు అరకప్పు. వేడి మీద పోస్తే ఈస్టు చస్తుంది.

రెండో విడతలో లోపలి గ్యాసు ఒత్తిడికి గాజు సీసా పేలింది. అదృష్టం, వంటింట్లో ఎవరూ లేరు. గాజు వాడకండి. ప్లాస్టిక్ సోడా సీసాలో పైన రెండు అంగుళాలు వదిలి నింపండి. నొక్కితే లొంగనంత గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి. ఏప్రిల్‌లో దానికి ఒక్క రోజు చాలింది.

మూడో విడత ఆలస్యమై పుల్లబడింది. ఇంగ్లండులో అల్లం బీరుకి వాడే తోడుని హ్యారీ మార్షల్ వార్డ్ పరిశీలించి 1892లో ప్రచురించారు: అందులో ఈస్టూ బ్యాక్టీరియా కలిసే బతుకుతున్నాయి. నా సీసాలో పులుపు ఆ రెండోవాళ్ళ పనే అనుకుంటున్నాను.

నాలుగో విడతలో పంచదార బదులు అంతా అనకాపల్లి బెల్లమే. రంగు బాగుంది గానీ బెల్లం వాసన అల్లాన్ని మింగేసింది. మూడో వంతు బెల్లం, మిగతాది పంచదార అయితేనే నాకు నచ్చింది.

మేలో వేడిని అదుపు చెయ్యడమే పెద్ద పని. తడిగుడ్డ చుట్టి చూశాను. సముద్రపు గాలిలో అంత తేమ ఉంటే గుడ్డ ఆరదు, సీసా చల్లబడదు. చివరికి థర్మాకోల్ పెట్టెలో సీసాల పక్కన ఐసు కట్టిన నీళ్ళ బాటిల్ పెట్టి, పొద్దునా సాయంత్రం మార్చాను. లోపల 25 డిగ్రీల దగ్గర నిలిచింది. అల్లం ఘాటు మిగిలింది.

ద్రవం సాంద్రతని కొలిచే హైడ్రోమీటర్ కొన్నాక ఆల్కహాల్ ఎంత చేరిందో అన్న ఆందోళన తగ్గింది. పంచదార ఆల్కహాల్‌గా మారేకొద్దీ సాంద్రత తగ్గుతుంది. మొదట 1.030, ఫ్రిజ్‌లో పెట్టేనాటికి 1.026. అంటే ఆల్కహాల్ సుమారు అర శాతం. గ్యాసు పూర్తిగా పోయాకే కొలవాలి, లేకపోతే బుడగలు హైడ్రోమీటర్‌ని పైకి లేపేస్తాయి. ఎంత తక్కువైనా ఆల్కహాలే కనక పిల్లలకి పొయ్యను.

ఆరో విడత నిన్న రాత్రి పెట్టెలోకి వెళ్ళింది. పొద్దున్న నొక్కితే సీసా ఇంకా మెత్తగానే ఉంది.