అత్తయ్య మొక్కు, నా కాళ్లు

మొక్కింది మా అత్తయ్య. నడిచింది నేను. పైగా నేను మరియమ్మకి మొక్కని లూథరన్ ఇంటి పిల్లని.

విజయవాడ సింగ్ నగర్‌లో మాది కింది వాటా. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. గుడికి వెళ్లాలని పొద్దున్నే లేచి మంచం దిగితే కాళ్ల కింద నీళ్లు. చెప్పులు గదిలో తేలుతున్నాయి. బుడమేరు నీళ్లని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలపాలి. ఆ మళ్లింపు కాలువకే మూడు గండ్లు పడ్డాయి, ఏరంతా ఊరి మీద పడింది. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. అప్పటికి మాకు తెలిసిందల్లా నీళ్లు ఇంకో మెట్టు ఎక్కాయా లేదా అన్నదే. పిల్లాణ్నీ, బియ్యం డబ్బానీ ఎత్తుకుని ఇంటివాళ్ల డాబా ఎక్కాం. మూడు రాత్రులు అక్కడే. డ్రోను పొట్లాలు పక్క డాబా మీద దింపితే వాళ్లు సగం మాకు విసిరేవాళ్లు.

రెండో రాత్రి అత్తయ్య చీకట్లోకి చూస్తూ గట్టిగా అంది: "మరియమ్మ తల్లీ, నా పిల్లలు ప్రాణాలతో దిగితే గుంటూరు నుంచి కాలినడకన నీ కొండకొస్తా." ఆవిడ పుట్టిల్లు గుంటూరు పక్కనే. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ చెయ్యి పట్టుకుని బెజవాడ గుణదల మరియమాత తిరనాళ్లకి అలాగే నడిచేదట. అప్పటి కాళ్లు వేరు. ఇప్పుడావిడ బాత్‌రూముకి వెళ్లాలన్నా గోడ పట్టుకోవాలి.

ప్రాణాలతోనే దిగాం. మిగతావేవీ దిగలేదు. మా ఆయనది మోటారు రివైండింగ్ షాపు. నీళ్లు తీశాక మా పేటలో ప్రతి ఇంటి మోటారూ చెడిపోయి ఉంది. జన్మలో చూడనంత పని గుమ్మం ముందుకొచ్చింది, చేసే మిషను మాత్రం బురదలో ఉంది. కింది ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు పాత బాకీలకే చాల్లేదు. ఆయన హైదరాబాదులో ఎవరి షాపులోనో పనికి కుదిరారు. రెండు నెలల జీతం "రేపు, ఎల్లుండి" అంటున్నారు. షాపు గది ఖాళీ చేస్తారా, అద్దె కడతారా, ఫిబ్రవరి నెలాఖరుకి తేల్చి చెప్పమని ఓనరు. నేనూ బాబూ గుంటూరులో మా నాన్న దగ్గర, అత్తయ్య గుణదలలో ఆడపడుచు దగ్గర. ఇల్లు మూడు ముక్కలైంది.

ఆ అయిదు నెలల్లో నేను ఎక్కువగా విన్నది బైబిల్లో రోమా 8:28. సమస్తమూ మేలుకే సమకూడి జరుగుతాయమ్మా అని. వచనంతో నాకు పేచీ లేదు. బురద కడుగుతున్న మనిషికి చీపురు అందించకుండా గుమ్మంలో నిలబడి చెప్పే నోటితోనే పేచీ. ఒకావిడ మాత్రం ఏ వచనమూ చెప్పకుండా రెండు పాత చీరలూ, ఒక కుక్కరూ ఇచ్చి వెళ్లింది. ఆవిడ ఏ సంఘమో కూడా నాకు తెలీదు.

జనవరిలో అత్తయ్య ఫోన్ చేసి ఏడ్చింది. "మొక్కు మిగిలిపోయిందే అమ్మాయ్." నేను నడుస్తాలెండి అత్తయ్యా అనేశాను. నోరు జారిందనే చెప్పాలి.

నాన్నకి చెప్పడం నడవడంకన్నా కష్టమైంది. ఆయన రిటైర్డ్ మిషన్ స్కూలు మాస్టారు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో దిగిన దగ్గర్నుంచి జరిగిందంతా తన కళ్లముందే జరిగినట్టు చెబుతారు. "దేవునికీ నరులకీ మధ్యవర్తి ఒక్కడే. మొదటి తిమోతి, రెండో అధ్యాయం." "మధ్యవర్తి కోసం కాదు నాన్నా, మా అత్తయ్య మోకాళ్ల కోసం." ఆయనేమీ అనలేదు. బయల్దేరే రోజు మధ్యాహ్నం బాబు చేతికి వాజలీన్ డబ్బా ఇచ్చి నా సంచిలో వేయించారు.

ఫిబ్రవరి 10, సోమవారం, సాయంత్రం నాలుగింటికి బయల్దేరాం. గుణదలకి నడిచే కతోలికులతో కలిపి ఇరవై మందిమి, ముందు ప్రార్థన నడిపించే ఉపదేశి గారు, ఆయన భుజాన చిన్న మైకు. గుణదలకి నలభై కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. పెదకాకాని దాటేదాకా నాకు హుషారే. కాజ టోల్ గేటు దగ్గర మడమ మొదటిసారి మాట్లాడింది. లారీ పోయినప్పుడల్లా దుమ్ముతోపాటు మిరపకాయ ఘాటు, సీజను కదా, అన్నీ గుంటూరు యార్డుకే. జపమాల చెబుతూ తుమ్మేవాళ్లం. మొదట్లో నేను పెదవి కదపలేదు, వాళ్ల ప్రార్థన నాకు రాదు. పరలోక జపం దగ్గర మాత్రం గొంతు కలిపేదాన్ని. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." అందులో "నేడు" అనే మాట ఉందని ముప్పై నాలుగేళ్లుగా చెబుతూ అప్పుడే గమనించాను. నెలాఖరు మాట అందులో లేదు.

సోమవారం సంతోష దేవరహస్యాలు, అంటే జపమాల చెబుతూ తలుచుకునే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు అయిదు. అయిదోది, పన్నెండేళ్ల యేసు దేవాలయంలో దొరకడం, మంగళగిరి గాలిగోపురం కనిపించే వేళకి వచ్చింది. ఈ కథ నాకు సండేస్కూలు నుంచీ కంఠతా వచ్చు, ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలతో సహా. కానీ నడుస్తూ విన్నది అదే మొదటిసారి. పండక్కి వెళ్లి తిరిగొస్తున్నారు వాళ్లు, మాలాగే గుంపుగా, కాళ్లీడ్చుకుంటూ. పిల్లాడు గుంపులో ఎక్కడో ఉన్నాడనుకున్నారు. అలా అనుకుని ఒక రోజు ప్రయాణం సాగిపోయారు, లూకాలో అలాగే ఉంది. అంటే మరియమ్మ రోజంతా యేసు పక్కన లేకుండానే నడిచింది, ఉన్నాడనుకుంటూ. తర్వాత మూడు రోజులకి దొరికాడు. దొరికాక ఆమె అన్న మొదటి మాట స్తోత్రం కాదు. "కుమారుడా, మమ్మును ఎందుకీలాగు చేసితివి?" ఆయన ఏదో జవాబు చెప్పాడు. అది వాళ్లకి అర్థం కాలేదు. లూకా అది కూడా దాచకుండా రాశాడు.

డాబా మీద మూడు రోజులూ నేను దేవుణ్ని అడిగింది ఆ ఒక్క మాటే. అలా అడిగినందుకు అయిదు నెలలుగా లోపల సిగ్గుపడుతున్నాను, నాకు విశ్వాసం చాల్లేదేమోనని. రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చుని వాజలీన్ రాసుకుంటుంటే ఏడుపొచ్చింది. పక్కనున్న వదిన బొబ్బలకే అనుకుని బ్యాండేజీ ఇచ్చింది. తీసుకున్నాను, అవి కూడా నిజమే కదా.

తాడేపల్లి దగ్గర పన్నెండు దాటింది. ఉపదేశి గారు వాచీ చూసుకుని, మైకులో, "మంగళవారం వచ్చేసింది, ఇక దుఃఖ దేవరహస్యాలు" అన్నారు. వెనక నుంచి ఒక కుర్రాడు, "మా కాళ్లకి పొద్దుట్నుంచీ అవేనండీ!" గుంపంతా నవ్వింది, ఆయన కూడా.

రెండింటికి ప్రకాశం బ్యారేజీ ఎక్కాం. పున్నమి ఇంకో రెండ్రోజుల్లో ఉంది. ఎడమ పక్క నీళ్ల మీద చంద్రుడు, కుడి పక్క ఇసుక తిన్నెలు. 1957 నాటి ఈ కట్ట మీదుగా నేను వందసార్లు బస్సులో వెళ్లాను, డెబ్బై గేట్లుంటాయని బడిలో చదువుకున్నాను, ఒక్కొక్కటే దాటింది ఆ రాత్రే. వరదరోజుల్లో పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి పోయింది ఇక్కడ్నుంచే. కొట్టుకొచ్చిన పడవలు గేట్లని గుద్దుకుంటే ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు కింద తాబేలు కదిలినంత చప్పుడు కూడా లేదు. నాకు మాత్రం ఆ నీళ్లని చూస్తే ప్రేమ పుట్టలేదు. పుట్టాలని ఎవరైనా అంటే వాళ్లు మా ఇంట్లో బురద ఎత్తలేదన్నమాట.

ఏలూరు రోడ్డు పొడవునా చలివేంద్రాలు, టీ, ఉప్మా. మాచవరం డౌన్ దాటాక పడవలరేవు నుంచి ఇక జనమే జనం. తెల్లవారుజామున అయిదున్నరకి గుణదల. 1924లో ఇక్కడి అనాథశరణాలయం చూసుకునే అర్లాటి అనే ఇటలీ ఫాదర్ కొండ మీద లూర్దు మాత స్వరూపాన్ని పెట్టారు. ఫిబ్రవరి 11 ఫ్రాన్సులోని అసలు లూర్దులో మాత మొదట దర్శనమిచ్చిందని చెప్పే రోజు. ఇక్కడ మాత్రం అది బెజవాడ తిరనాళ్లే. గుండ్లు గీయించుకున్న పిల్లలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, నొసట కుంకుమతో క్యూలో అమ్మలక్కలు. మా నాన్న చూస్తే ఏమనేవారో అనుకున్నాను. పైన సిలువ దాకా ఉన్న మెట్లని చూస్తే దానికన్నా ముందు నా మడమలే ఏదో అన్నాయి.

అత్తయ్య కింద గుహ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేవబోయి, లేవలేక, నా పాదాలు తన ఒళ్లో పెట్టుకోబోయింది. "అయ్యో, ఏంటత్తయ్యా ఇది!" అని వెనక్కి లాక్కున్నాను. ఆవిడ తరఫున కొబ్బరికాయ కొట్టాను. కొవ్వొత్తి ఆవిడే వెలిగించింది. తర్వాత మెట్ల మీద కూర్చుని పూజ వింటూ సగంలో నిద్రపోయాను.

లేచేసరికి రెండు మిస్డ్ కాల్స్. ఒకటి ఆయనది. చేస్తే, జీతం ఇంకా ఇవ్వలేదు, శుక్రవారం అన్నారట. రెండోది నాన్నది. "చేరావా? గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టు. మీ అత్తగారిని అడిగానని చెప్పు." కాస్త ఆగి, "రాత్రి లూకా రెండు చదివాను" అన్నారు. ఎందుకో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"ఏం అడిగావే మాతని?" అంది అత్తయ్య, ఆటో ఎక్కుతూ.

"ఏమీ అడగలేదండీ. నిద్రొచ్చింది."

"సర్లే. అబ్బాయి షాపు మళ్లీ తెరిస్తే వచ్చే ఏడు కూడా నడిచొస్తామని నేను మొక్కేశాను."

"నడిచొస్తామంటే ఎవరు అత్తయ్యా?"

ఆవిడ కొంగు సర్దుకుని ముందుకి చూస్తూ, "నా మోకాళ్లకి కూడా కలిపే మొక్కాను" అంది.