ఐసు కరిగేలోపు

ఆగస్టు 3, ఆదివారం

ఆదివారమైనా అయిదింటికే అత్త లేపేసింది. "పిల్లలకి ఈ రోజుతో ఏడో రోజు. మందు మరిచిపోకు" అంది. పిల్లలంటే మా ఇంట్లో నిద్రపోతున్న ఇద్దరూ కాదు, పెరట్లో గంప కింద ఉన్న ఎనిమిది కోడిపిల్లలు. మా ఇంట్లో పిల్లలు అన్న మాట వినబడితే ఏ పిల్లలో ఒకసారి అడిగి తెలుసుకోవాలి.

తొలి ఏకాదశి మర్నాడు పన్నెండు గుడ్లు పెట్టి ఎర్రపెట్టను పొదగేశాం. ఇరవై ఒక్క రోజులు రోజుకొక్కసారి తప్ప అది గుడ్ల మీంచి లేవలేదు. ఆ ఒక్కసారీ నాలుగు నూకలు తిని, నీళ్లు తాగి, బూడిదలో ఒకసారి పొర్లి పరుగున వచ్చి కూర్చునేది. తొమ్మిది పిల్లలు దిగాయి. రెండు గుడ్లు మురిగిపోయాయి, ఒకదానిలో పిల్ల పెంకు పగలగొట్టలేక లోపలే పోయింది. మొన్న శుక్రవారం గద్ద ఒకదాన్ని తన్నుకుపోయింది. మా చిన్నది ఆ సాయంత్రం అన్నం తినలేదు. అత్త మాత్రం "గద్దకీ పిల్లలుంటాయి కదే" అని గిన్నె కడుక్కుంది.

నాకు గద్ద భయం కన్నా కొక్కెర తెగులు భయం ఎక్కువ. కిందటేడు ఎండలు ముదిరే ముందు పద్నాలుగు కోళ్లలో పదకొండు వారం రోజుల్లో పోయాయి. పచ్చటి రెట్ట వేయడం, నోరు తెరుచుకుని ఊపిరి తీయడం, మెడ వెనక్కి మెలితిరిగిపోవడం. అత్త వెల్లుల్లి నూరి పోసింది, పసుపు నీళ్లు చల్లింది, చివరికి అమ్మవారికి మొక్కుకుంది. జబ్బు వచ్చాక ఏ మందూ పనిచేయదు, రాకముందు టీకా చుక్క వేయడమొక్కటే మార్గం. ఆ సంగతి పశువుల డాక్టరు గారు చెప్పేసరికి మాకు మూడే మిగిలాయి. ఆ మూడింటిలో ఒకటి ఈ ఎర్రపెట్ట. ఇంకొకటి ముసలి నల్లపెట్ట. దాని కాళ్ల పొలుసులు ఈ మధ్య పైకి లేచి, సున్నం పూసినట్టు తెల్లగా, గరుగ్గా అయిపోయాయి. దాన్ని ఎప్పుడో చూడాలి అనుకుంటూ రోజులు వెళ్లదీస్తున్నాను.

ఈ రోజుకి రెండో పని బడిది. మా బడిలో బ్యాండు చూసే పీఈటీ మాస్టారు జూన్‌లో బదిలీ మీద వెళ్లిపోయారు. స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టారు అందరి వంకా చూసి, "మీరు చిన్నప్పుడు గాత్రం నేర్చుకున్నారట కదా" అని నా మీద పెట్టేశారు. రెండేళ్లు సరళీ స్వరాలూ జంట స్వరాలూ పాడి, గీతాలు మొదలయ్యే సరికి మానేసిన దాన్ని. నేను చెప్పేది సోషల్. ఆ గాత్రానికీ ఈ బాకాలకీ సంబంధం ఏమిటని అడగాలనుకున్నాను గానీ అప్పటికే టీ వచ్చేసింది.

బీరువా తీసి చూస్తే రెండు బాకాలూ పలకడం లేదు. నాలుగు సైడ్ డ్రమ్ముల్లో ఒకదాని పైమూత చిరిగింది, ఒకటి డబ్బా కొట్టినట్టు మోగుతోంది. పెద్ద డ్రమ్ము ఫర్వాలేదు, అయినా అది ఆటోలో పట్టదు. తాళాలకు పట్టుకునే తోలు తాళ్లు కొత్తవి కట్టుకుంటే చాలు. పంద్రాగస్టుకి పన్నెండు రోజులుంది. హెడ్మాస్టారు మూడు వేలిచ్చి బిల్లు తెమ్మన్నారు.

మా ఊరు విజయనగరానికి నెల్లిమర్ల రోడ్డు వైపు. విజయనగరం వెళ్లే షేర్ ఆటోలో నేనూ, బాకా ఊదే ఎనిమిదో తరగతి కుర్రాడూ, రెండు డ్రమ్ములూ, రెండు బాకాలూ, ఒక ఫ్లాస్కు. ఫ్లాస్కులో ఐసు ముక్కలు. మామూలుగా అయితే సామాన్లు రిపేరుకి ఇచ్చి, తిరిగొచ్చేటప్పుడు మందు కొనుక్కోవాలి. కానీ పశువుల మందుల షాపు ఆదివారం పదింటికే కట్టేస్తారు. అందుకని ముందు మందే కొన్నాను. చిన్న సీసా, వంద కోళ్లకు సరిపడేది. ఆ షాపులో ఇంతకన్నా చిన్నది లేదు. నావి ఎనిమిది పిల్లలు. పొడి మందు కాబట్టి కలపకుండా చల్లగా ఉంచితే ఆగుతుంది. నీళ్లు కలిపాక మాత్రం రెండు గంటల్లో వేసేయాలి, మిగిలింది దాచుకోవడానికి వీల్లేదు. కొన్న క్షణం నుంచీ ఆ సీసాని పసిపిల్లలా మోయాలి. నిన్ననే మా వీధిలో చెప్పి ఉంచాను, ఎవరి పెరట్లో పిల్లలున్నా సాయంత్రం నాలుగింటికి తీసుకురండని.

దారిలో సంగీత కళాశాల బోర్డు చూపించి కుర్రాడితో పాఠం మొదలెట్టాను. సోషల్ టీచరు అలవాటు ఆదివారం కూడా ఊరుకోదు. 1919లో విజయరామ గజపతిరాజు గారు పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇక్కడే నేర్పారు, ఘంటసాల గారు ఇక్కడే చదువుకున్నారు అని చెప్పుకుపోతున్నాను. వాడు అంతా విని, "అయితే బాకా ఎవరు నేర్పీవోరు మేడం?" అన్నాడు. జవాబు లేదు. వీణకు తీగ మార్చాలన్నా మృదంగానికి మూత వేయించాలన్నా ఈ ఊళ్లో నలుగురి పేర్లు చెబుతారు. బాకా అనగానే అందరూ ఒకే సందు చూపిస్తారు, మూడు లాంతర్ల జంక్షన్ దాటాక.

ఆ సందులో బాకాలు బాగుచేసే పెద్దాయన ఇంటి తలుపు మూసి ఉంది. పక్కింటావిడ చెప్పింది, రాత్రి పెళ్లి ఊరేగింపులో వాయించి తెల్లారుజామున వచ్చారట, ఇంకా లేవలేదట. ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చిందన్న సంగతి నాకు తట్టనే లేదు. బ్యాండు మేళం వాళ్లకి ఇప్పుడే కదా పని. అరుగు మీద కూర్చున్నాం. తొమ్మిదిన్నర అయింది, పది అయింది. ఫ్లాస్కు మూత తీయకూడదని తెలిసి కూడా రెండుసార్లు తీసి చూశాను.

పదింబావుకి పెద్దాయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. అరవై దాటి ఉంటాయి. కళ్లింకా ఎర్రగానే ఉన్నాయి. "ఏటి టీచరమ్మా, పంద్రాగస్టా?" అన్నాడు. నా చేతిలో సామాను చూడకుండానే ఎలా తెలిసిందో. ఏటా ఇదే వారంలో బళ్లవాళ్లు వస్తారట. "ఏడాదంతా బీరువాలో పడీసి, వారం ముందు పట్టుకొస్తారు. జూన్‌లో తెస్తే నాకు ఖాళీ, మీకు చవక" అన్నాడు. తిట్టినట్టు లేదు, అలాగని ఊరికే అన్నట్టూ లేదు.

మొదటి బాకా తీసుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి అవతలికి పోలేదు. నవ్వాడు. మూడు మీటల మూతలూ విప్పి, లోపలి గొట్టాలు బయటికి లాగి వరసగా గుడ్డ మీద పెట్టాడు. ఒక్కొక్కదాని మీదా చిన్న అంకె చెక్కి ఉంటుంది, ఒకటి, రెండు, మూడు. మన పిల్లలు రెండోది మూడో దాంట్లో, మూడోది రెండో దాంట్లో పెట్టేశారు. గొట్టంలో ఉన్న రంధ్రం గాలి దారికి ఎదురుపడదు, ఇక ఎంత ఊదినా అంతే. మార్చి పెట్టగానే బాకా పలికింది. దీనికి డబ్బులు పుచ్చుకోనన్నాడు. ఒక ఏడాదిపాటు ఆ బాకాకి ప్రాణం పోయిందని మా బడి మొత్తం నమ్మింది.

రెండో దానిలో మీటలు కదలనే లేదు. బలవంతంగా ఒకటి లాగి వాసన చూశాడు. నాకూ చూపించాడు. కొబ్బరినూనె! పసుపుగా, జిగురుగా, గొట్టమంతా అంటుకుని ఉంది. కుర్రాడు తన కాలి బొటనవేలినే చూస్తున్నాడు.

"ఇది తలకి రాసుకునీదిరా బాబూ."

"తలుపు గడియ బిగిసిపోతే మా నాయనమ్మ అదే రాస్తాది" అన్నాడు వాడు. వాడి లెక్క వాడిది. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది. ఎండాకాలంలో కరిగి దుమ్ము పట్టి బంక అవుతుంది. మీటకీ దాని గూటికీ మధ్య సందు వెంట్రుకంత కూడా ఉండదు, అక్కడ నీళ్లలా పల్చటి నూనె తప్ప ఏదీ పనికిరాదట. గోరువెచ్చటి నీళ్లలో సబ్బు కలిపి గొట్టాలన్నీ నానబెట్టాడు. మరిగే నీళ్లు పోస్తే పైపూత లేచిపోతుందని మా ఇద్దరికీ కలిపి చెప్పాడు. నేను నోట్సు రాసుకున్నాను. క్లాసులో నేను చెబుతుంటే ఎవరూ రాసుకోరు.

ఆ బాకా కింద తడి వదిలే చిన్న మీట ఉంటుంది. దాని బెండు ఎండి రాలిపోయింది. గాలంతా అక్కడే పోతోంది. పాత సీసా బెండులోంచి బ్లేడుతో బియ్యపు గింజ మందాన బిళ్ల కోసి అతికించాడు. నోటి దగ్గరి ముక్క ఇరుక్కుపోయి ఉంటే కుర్రాడు పటకారు అందించబోయాడు. ఆయన వాడి చెయ్యి తోసేసి, చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తడుతూ తిప్పాడు, ఊడొచ్చింది. సొట్ట మాత్రం వదిలేయమన్నాడు. సొట్టకి పాట ఆగదు, దాన్ని తీయడానికి డబ్బు అవుతుంది, అంతే తేడా. ఆయన సొంత బాకాకి అయిదు సొట్టలున్నాయి. అది మీరట్ జలీకోఠీ నుంచి వాళ్ల నాన్న తెప్పించుకున్నదట. బ్యాండు సామానుకి పేరుపడ్డ పేట అది.

డ్రమ్ముల దగ్గరికి వచ్చేసరికి పదకొండు దాటింది. ఫ్లాస్కు ఊపితే ఐసు చప్పుడు లేదు, నీళ్ల చప్పుడే. నాకు టెన్షన్ మొదలైంది. సందు చివర చెరకు రసం బండి కనబడితే పరిగెత్తాను. ఐసు అడిగితే, "ఎవరికైనా దెబ్బ తగిలినాదా అమ్మా?" అన్నాడు కంగారుగా. కోడిపిల్లల మందుకన్నాను. గోనెపట్టా తీసి, పెద్ద ముక్క కొట్టి, కవరులో వేసి ఇచ్చాడు. డబ్బులు వద్దన్నాడు. "కొక్కెరకే కదా? ఎక్కడ దొరుకుతాది?" అని షాపు అడ్రసు మాత్రం అడిగి రాయించుకున్నాడు. ఊరికే వచ్చేయడం బాగోదని రెండు గ్లాసుల రసం కొన్నాను.

డబ్బా మోత డ్రమ్ము సంగతి ఇది. సైడ్ డ్రమ్ముకి కింద తీగలు ఉంటాయి, అవి అదిరితేనే చిర్రుమనే శబ్దం వస్తుంది. కిందిమూత పల్చగా ఉండాలి. ఎవరో పైమూత లాంటి మందపాటిది కిందా బిగించారు. పల్చటిది వేసి, బోల్టులు ఒకటి ఇటు, ఒకటి అటు, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాడు. వరసగా గుండ్రంగా బిగించుకుపోతే మూత ఒక పక్కకి లాగేస్తుందట. చిన్నప్పుడు తాను వాయించిన డ్రమ్ముకి మేక తోలు ఉండేదనీ, వానలో సాగిపోతే గడ్డి మంట దగ్గర కాపేవారనీ చెప్పాడు. చిరిగిన పైమూత మార్చడం పావుగంటలో అయిపోయింది.

మొత్తం పద్నాలుగు వందల యాభై. బిల్లు కావాలంటే పెళ్లి శుభలేఖ వెనక రాసిచ్చాడు. లక్ష్మీదేవి బొమ్మ పక్కనే "బాకా బెండు, నూని". ఇది హెడ్మాస్టారికి ఇస్తే ఆయన ముఖం ఎలా ఉంటుందో రేపు చూడాలి.

ఆటోలో కుర్రాడు బాకా ఊదుతానన్నాడు, వద్దన్నాను. నెల్లిమర్ల రోడ్డు ఎక్కగానే ఊదేశాడు. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి, ఏమీ అనకుండా తన హారన్ కూడా ఒకసారి కొట్టాడు.

నాలుగింటికి పెరడు నిండిపోయింది. బుట్టలూ అట్టపెట్టెలూ, ఒకావిడ అయితే పప్పుల డబ్బాలో తెచ్చింది. మందు కలిపాక ఇక గడియారమే. నేను చుక్క వేయడం, మా పెద్దది పట్టుకోవడం, చిన్నది లెక్క రాయడం. కంట్లో ఒక్క చుక్క, అది రెప్ప వాల్చేదాకా ఆగి వదలాలి. లేకపోతే తల విదిలించేస్తుంది, చుక్క నేల పాలు. ఎర్రపెట్ట గంప సందుల్లోంచి నా మోచెయ్యి రెండు చోట్ల పొడిచింది. పిల్లల కోడి జోలికి వెళ్లకూడదని ఊరికే అనలేదు. అవతలి వీధి ఆయన డేగ పుంజుని చంకలో పెట్టుకొచ్చాడు. పెద్దవాటికి ఈ చుక్క కాదన్నా, రెక్క కింద వేసే సూది వేరే ఉందన్నా, "మిగిలిపోతాది కదా, పారబోసీదానికన్నా మంచిది కదా" అని మొహం ముడుచుకున్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని పంపించాను. ఈ సంక్రాంతి దాకా నాతో మాట్లాడడేమో.

లెక్క నలభై మూడు. మిగిలిన మందు మరిగే నీళ్లలో పోసి, సీసా పాతిపెట్టాం.

చేతులు కడుక్కుని, రేపటికి డ్రమ్ములు సర్దుతుంటే రెండో బాకా పెట్టె అడుగున నీలం డబ్బా దొరికింది. సగానికి పైగా కొబ్బరినూనె. వాడే దాచి ఉంటాడు. మళ్లీ వాడి చేతికిస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి కిటికీలో పెట్టేశాను. అత్త చూసి, "పారీకే, ఇలాగియ్యి" అని తీసుకుంది. నల్లపెట్టను ఒళ్లో వేసుకుని, కాళ్లు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పాత బ్రష్షుతో పొలుసుల సందుల్లోకి నూనె పట్టించింది. ఆ పొలుసుల కింద కంటికి కనబడని పురుగు ఉంటుందట, నూనెకి ఊపిరాడక చస్తుందట. వారానికి రెండుసార్లు, ఒక నెల రాయాలి.

డబ్బా మూత పెడుతూ, "బడిలో ఇంకా ఉన్నాయేటి ఇలాటివి?" అని అడిగింది.