టిక్కు, చల్లు

మొన్న కాకినాడ నుంచి మా పిన్ని వచ్చింది. టీవీ ముందు కూర్చున్న మా అమ్మాయి "అమ్మమ్మా, ఆ టిక్కు ఇటివ్వవా" అంది. పిన్ని తెల్లమొహం వేసింది.

టిక్కు అంటే రిమోట్. మా అమ్మాయి రెండేళ్లప్పుడు పెట్టిన పేరు, ఇప్పుడు దానికి పన్నెండు. ఏసీ రిమోట్ పేరు మాత్రం "చల్లు". "రెండూ రిమోట్లేగా, టీవీ టిక్కు, ఏసీ టిక్కు అంటే పోలా?" అంది పిన్ని. పదేళ్లలో మా నలుగురిలో ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు!

భాషల మీద పరిశోధన చేసే లిమోర్ రవీవ్, ఆమె తోటివాళ్లు 2019లో ప్రచురించిన ప్రయోగం గుర్తొచ్చింది. తెర మీద రకరకాల బొమ్మలు రకరకాల దిక్కులకు కదులుతుంటాయి. వాటికి కొత్త మాటలు కల్పించి ఒకరికొకరు అర్థమయ్యేలా చెప్పుకోవాలి. కొన్ని గుంపుల్లో నలుగురు, కొన్నింట్లో ఎనిమిదిమంది. ఎనిమిదిమంది ఉన్నచోట భాష త్వరగా ఒక పద్ధతిలో పడింది. మాటలో ఒక ముక్క బొమ్మకి, ఇంకో ముక్క దిక్కుకి. నలుగురి గుంపులు మాత్రం ఒక్కొక్కటి ఒక్కో దారి పట్టాయి. నిజమే, ముగ్గురి వింత మాటలైతే గుర్తుంటాయి. ఏడుగురివి ఎక్కడ గుర్తుపెట్టుకుంటాం?

అంతకుముందే 2010లో లూపియాన్, డేల్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు వేలకు పైగా భాషల్ని పోల్చి చూశారు. మాట్లాడేవాళ్లు పెరిగేకొద్దీ పదాల చివర మార్పుల చిక్కు తగ్గుతోందట. పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లు అలాంటి భాషల్లో ఎక్కువ కాబట్టి అని వాళ్ల అనుమానం.

మా వీధి కిరాణా కొట్టు సేఠ్‌గారిది రాజస్థాన్. "ఇల్లులో అందరూ బాగున్నారా అమ్మా" అంటారు, "చేయిలో చిల్లర లేదు" అంటారు. బడిలో మా తలలు తిన్న చిన్నయసూరి వ్యాకరణంలోని ఔపవిభక్తికాలు, అంటే ఇల్లుని "ఇంటి", చేయిని "చేతి" చేసే ఆ ఇ, టి, తి, సేఠ్‌గారు ఒక్క దెబ్బతో ఎత్తేశారు. అర్థం కాక సరుకు ఆగిన రోజు లేదు.

కానీ 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాసుకున్నవాళ్లే ఎనిమిది కోట్ల పైచిలుకు. అయినా "ఇంట్లో", "చేతిలో" చెక్కుచెదరలేదే! ఇవి ఏ కొట్టు మెట్లూ ఎక్కకముందే అమ్మ దగ్గర విన్న మాటలు కావడం వల్లేమో అనుకుంటాను. ఇది నా ఊహే.

పిన్ని వెళ్లి పది రోజులైంది. నిన్న రాత్రి మా అమ్మాయి "ఏసీ టిక్కు ఎక్కడ?" అని అరిచింది. మావారు మాత్రం మంచం కింద ఇంకా చల్లునే వెతుకుతున్నారు.