బంగినపల్లికి లవంగ నూనె పట్టించడం: మా అనుభవం

మామిడికాయలు బూజు పట్టి కుళ్లకుండా మేం లవంగ నూనె కలిపిన నీళ్లలో ముంచుతాం. బాటసింగారం మార్కెట్లో కాయలు ఏరేటప్పుడు మేం ముందు చూసేది తొడిమ. మొదలంటా విరిచేసిన కాయ వద్దు, సెంటీమీటరైనా మిగిలి ఉండాలి. మామిడి సొనలో, తొక్కలో రిసార్సినాల్ జాతి పదార్థాలుంటాయి. కాయ తనకోసం తయారుచేసుకున్న బూజు మందు అదే. తొడిమ ఊడితే సొన కారిపోతుంది, తొడిమ కుళ్లుకు దారి దొరుకుతుంది.

మచ్చ తెగులు సంగతి వేరు. ఆ బూజు చెట్టు మీదే తొక్కలోకి చొరబడి మాటు వేస్తుంది. కాయ పండేకొద్దీ రిసార్సినాల్ తగ్గి నల్లమచ్చలు తేలతాయి. అందుకే లవంగ నూనె ఒక్కదాన్నే నమ్ముకోలేం. ముందు వేడినీళ్లు: 52 డిగ్రీలు, 10 నిమిషాలు. కాయలు వేయగానే వేడి పడిపోతుంది కాబట్టి థర్మామీటరు వాటి నడుమే వేలాడాలి. 55 దాటితే తొక్క ఉడుకుతుంది, లేత కాయకైతే ఇంకా ముందే. తీశాక నీడన పూర్తిగా చల్లారాలి. వేడి మీదే ముంచితే నూనె గాల్లో కలిసిపోతుంది.

10 లీటర్ల నీళ్లకు 10 మిల్లీలీటర్ల లవంగ నూనె, మరో 10 మిల్లీలీటర్ల ట్వీన్ 80 (నూనెను నీళ్లలో కలిసేలా చేసే ద్రవం). రెంటినీ గ్లాసులో బాగా కలిపి, గోరువెచ్చటి నీళ్లు చెంచాడు చెంచాడు పోస్తూ తిప్పితే పల్చటి పాలలా వస్తుంది. దాన్ని బకెట్లో కలపాలి. నూనెను నేరుగా బకెట్లో పోయకూడదు. లవంగ నూనె నీళ్లకన్నా బరువు, తేలదు. బొట్లుబొట్లుగా అడుక్కు చేరి అక్కడున్న కాయల్ని కాలుస్తుంది. ఆ గోధుమరంగు మరకల్ని చాలామంది తెగులే ముదిరిందనుకుంటారు. కాలిన మరక అంతకుమించి పెరగదు. తెగులు మచ్చ రోజురోజుకూ పెరుగుతుంది, గాలిలో తేమ ఉంటే మధ్యలో నారింజ రంగు జిగురు చుక్కలు కనిపిస్తాయి.

5 నిమిషాలు ముంచి, ఫ్యాను కింద ఆరబెట్టాలి. చేతులు మండుతాయి, గ్లవ్స్ తప్పనిసరి. హిమాయత్ తొక్క పల్చన కాబట్టి దానికి సగం మోతాదుతో మొదలుపెట్టడం మేలు. ఏ రకమైనా ముందు నాలుగు కాయలు ముంచి రెండు రోజులు చూడండి.

బేగంబజార్లో నూనె కొంటే ఒక చుక్క కాగితం మీద వేసి చూడండి. ఎన్నాళ్లైనా జిడ్డు వదలకపోతే వంటనూనె కలిపినట్టే. వాము పువ్వు (థైమాల్ పలుకులు) కూడా బూజును బాగానే అణుస్తుంది గానీ నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్లో కరిగించి పోయాలి. తొక్కకు అంటుకున్న పలుకు అంటుకున్నచోటే కాలుస్తుంది. చేయి తిరిగేదాకా లవంగ నూనెతోనే చేసుకోండి.