రొయ్య పెంకు

ఆదివారం, ఇందుకూరుపేట

పొద్దున్నే అమ్మ పెరట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. చెరువు పట్టారంట, బాబాయి కిలో ఇచ్చిపోయాడు. నేను పెంకులు ఏరుతుంటే, "వాటితో నీకేం పనమ్మా, చెట్టు మొదట్లో వెయ్యి" అంది.

నా పనంతా వాటితోనే. ఆ పెంకులో ఉండేది కైటిన్, అసిటైల్ తగిలిన గ్లూకోజమైన్ చక్కెరల గొలుసు. 1876లో లెడర్‌హోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త లాబ్‌స్టర్ పెంకుల్ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికించి గ్లూకోజమైన్‌ను వేరుచేశాడు. అమ్మ మోకాళ్ళకు డాక్టరు రాసిన మాత్రలో ఉన్నదీ అదే. చెబితే అట్ట తిప్పి తిప్పి చూసింది.

ఆ గొలుసును విడగొట్టడం తేలిక. కావలసిన చోట, కావలసిన దిక్కున కలపడమే కష్టం. పదిహేడేళ్ళుగా ల్యాబ్‌లో అదే చేస్తున్నాను. చక్కెర మీద బంధం కలవగల ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, ఓహెచ్‌లు, ఎన్నో; అన్నీ ఇంచుమించు ఒకేలా ప్రవర్తిస్తాయి. ఒక్కదాన్ని వదిలి మిగతావన్నీ బెంజైల్, అసిటైల్ లాంటి రసాయన మూతలతో కప్పాలి. నైట్రోజన్‌కు థాలిమైడ్ అనే మూత తొడిగితే కొత్త బంధం, ఉన్న రెండు దిక్కుల్లో, పెంకులో ఉన్నట్టే బీటా వైపు పడుతుంది. కానీ ఫ్లాస్కులో తడి ఉండకూడదు.

పోయినేడు, ఆ తడిని పీల్చే గుళికలు, మాలిక్యులర్ సీవ్స్, సరిగ్గా ఆరకముందే తొందరపడ్డాను. రెండు నెలలు కష్టపడి చేసుకున్న పదార్థం నీళ్ళపాలైంది. ఏమేం తయారయ్యాయో విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటుకు సల్ఫ్యూరిక్ ఆమ్లం పట్టించి వేడిచేస్తే, రావలసిన చోట ఏమీ లేదు. అడుగున మాత్రం పాడైనదాని నల్లటి మచ్చ. ఆ రాత్రి అన్నం సయించలేదు.

రొయ్య మాత్రం ఉప్పునీళ్ళలోనే ఉండి ఆ బీటా బంధాలనే అల్లుకుంటుంది. చెరువుల వాళ్ళు మోల్టింగ్ అంటారు, పాత పెంకు వదిలిన ప్రతిసారీ కొత్తది. చక్కెరకు యూడీపీ అనే తోక తగిలించి ఎంజైముకు అందిస్తుంది, అంతే. ఇలాంటి తోకల చక్కెరల్ని కనుక్కున్నందుకే అర్జెంటీనా శాస్త్రవేత్త లెలువార్‌కు 1970లో నోబెల్ వచ్చింది. ఇదంతా ఎన్నోసార్లు చదివిందే. అయినా ఇవాళ ఆ తడి పెంకును వేళ్ళ మధ్య పట్టుకుంటే ఒళ్ళు జలదరించింది. కాగితంలా పల్చన, ఎంత గట్టిగా ఉందో!

మధ్యాహ్నం ల్యాబ్ నుంచి పిల్లవాడి ఫోన్. "మేడమ్, కింద ఇంకో మచ్చ కనిపిస్తోంది." సీవ్స్ ఎంతసేపు ఆరబెట్టావంటే, "గంట" అన్నాడు, గొంతు తగ్గించి. కోప్పడలేదు. పోయినేడు నాకు జరిగింది మొత్తం చెప్పాను. ఈ రాత్రంతా వాక్యూమ్ కింద వేడిలో ఉంచమన్నాను, రేపు ఇద్దరం కలిసి మళ్ళీ రియాక్షన్ వేద్దామన్నాను.

అమ్మ వేపుడు డబ్బాలో సర్దింది. బస్సుకు బయల్దేరే ముందు, కడిగి ఎండబెట్టిన నాలుగు పెంకుల్ని కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను.